డిక్కీ అంచు కింది సొట్ట

మా పనిలో ఒక అన్యాయం ఉంది. రేకు సొట్టలు తీసేవాడు పని ఎంత బాగా చేస్తే అంతగా కనపడకుండా పోతాడు. నేను పది రోజులు కూర్చుని సరిచేసిన మడ్‌గార్డు మీద పెయింటర్ వచ్చి రంగు కొడతాడు. ఆ తర్వాత నా చెయ్యి ఎక్కడ పడిందో నాకే గుర్తుండదు. సీటు కుట్టేవాళ్ళ సంగతి అట్లా కాదు. కారు తలుపు తీసిన ప్రతివాడూ ముందు సీటు మీద చెయ్యి వేస్తాడు, నిమురుతాడు, కూర్చుని ఒకసారి ఊగి చూస్తాడు, "అబ్బ, ఏం కుట్టారండీ" అంటాడు. రేకును నిమిరి అబ్బ అన్నవాణ్ణి నా యాభై ఏళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా ఉస్తాద్ కూతుర్ని చూస్తే నాకు కుళ్ళు. అసూయ అని మర్యాదగా రాయవచ్చు గానీ నా లోపల ఉన్నది అంత మర్యాదైన సరుకు కాదు.

నరసరావుపేటలో మా షెడ్డు ముందు భాగం, ఉస్తాద్ వాళ్ళ ఇల్లు వెనక భాగం. మధ్యలో ఒక గుమ్మం, దానికి పరదా. క్రోసూరు పక్కన మిరప చేలున్న ఇంట్లో పుట్టి, డిగ్రీ తప్పి, ఇరవయ్యో ఏట నేను ఆ షెడ్డుకు వచ్చాను. ఉస్తాద్ పోయేదాకా ఇరవై నాలుగేళ్ళు ఆయన పక్కన నిలబడ్డాను. లారీ క్యాబిన్లు, బస్సులు, జీపులు, ఏది వస్తే అది చేశాం. ఆయన కూతురు పరదాకు అవతల, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న సీట్ల పని చేసేది. తల్లి పోయాక ఆ కుట్టు మిషన్ ఆమెదైంది. పెళ్ళి చేసుకుని కూడా అదే ఇంట్లో ఉండిపోయింది. నన్ను అన్నా అంటుంది, నేను అమ్మా అంటాను. ఉస్తాద్ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు రేకు నాది, సీటు ఆమెది.

లారీల మధ్య బతుకుతున్న మాకు పాత స్పోర్ట్స్ కార్లు ఎట్లా తగిలాయో చెప్పాలి. హైదరాబాదులో ఒక సార్ ఉన్నారు. అరవై, డెబ్బై ఏళ్ళ కిందటి కార్లంటే ఆయనకు పిచ్చి. నేలకు ఆనుకున్నంత కిందికి, ఇద్దరే కూర్చునేట్టు, పైకప్పు లేకుండా ఉండే ఇంగ్లీషు కార్లు. ఎవరో చెబితే ఒక జత సీట్లు కుట్టించుకోవడానికి మొదటిసారి మా దగ్గరికి వచ్చారు. ఆమె పాత తోలు విప్పి, కింది చెక్కను రెండు నిమిషాలు వేళ్ళతో తడిమి, "ఈ సీటు ఈ కారుది కాదు సార్" అంది. చెక్కకు మేకు బొక్కలు రెండు వరసలున్నాయి. పాత వరసలో బొక్కకూ బొక్కకూ ఎడం వేరు, కొత్త వరసలో వేరు. ఇంకో కారులోంచి ఊడదీసి దీన్లో బిగించారని తేల్చింది. సార్ ఆ కారును ఎనిమిదేళ్ళుగా నిఖార్సైనదని నమ్ముతున్నారు. ముఖం చిన్నబుచ్చుకుంటారనుకున్నాను. ఆయన ఆమెకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టారు.

అక్కడితో నా పని అయిపోయింది. ఈ కార్ల వ్యవహారంలో బాగుచేయడం కంటే ముందు గుర్తుపట్టడం ఉంటుంది. మామూలు కారు చట్రం మీద స్పోర్ట్స్ కారు ఒళ్ళు తగిలించి, నంబరు ప్లేటు మార్చేసి అసలుదని అంటగట్టేవాళ్ళు దేశమంతా ఉన్నారు. అందుకని ప్రతి అతుకూ చూడాలి, ప్రతి రివెట్టూ చూడాలి. అది నాకూ వచ్చు. మరలో వంచిన రేకేదో, సుత్తితో కొట్టిన రేకేదో కళ్ళు మూసుకుని చెప్పగలను. కానీ నేను చెప్పింది విన్నాక సార్ పరదా వైపు తిరిగి, "ఒకసారి మేడమ్‌ను కూడా చూడనివ్వండి" అనేవారు. నన్ను మాత్రం మేస్త్రీ అనేవారు.

ఒకసారి పేపరు వాళ్ళు వచ్చారు. అప్పటికి ఆకుపచ్చ కారు ఒకటి పూర్తి చేశాం. అందులో నా పని ఏడు నెలలు, ఆమె పని నెలన్నర. ఆమెను సీటు పక్కన నిలబెట్టి ఫొటో తీస్తూ, "పెద్దాయనా, కాస్త జరగండి, వెలుతురు అడ్డం" అన్నారు. జరిగాను. పేపర్లో నా మోచెయ్యి వచ్చింది. ఇంటికొచ్చి అది చూపిస్తే మా ఆవిడ, "ఆ పిల్లతో పోటీ ఏందయ్యా నీకు, సిగ్గులేకపోతే సరి" అని అన్నం వడ్డించింది. సిగ్గు ఉంది, పోటీ కూడా ఉంది. రెండూ ఒకే చోట ఉండగలవని మా ఆవిడకు తెలియదు.

నాకు నిజంగా మండేది సార్ దగ్గర కాదు, ఉస్తాద్ దగ్గర. సుత్తి పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డది నేను. కానీ పని అయ్యాక ఆయన పరదా తీసి లోపలికి వెళ్ళేవాడు. లోపల మిషన్ ఆగేది. ఇద్దరూ ఏవో మాట్లాడుకునేవాళ్ళు. నాకు చెప్పనిది ఏదో ఆ గదిలో చెబుతున్నాడని ఇరవై నాలుగేళ్ళూ అనుమానమే. కన్నకూతురితో తండ్రి మాట్లాడుకుంటాడని తెలిసినా ఆ అనుమానం పోలేదు.

పోయినేడు ఎండాకాలం ముందు గురజాల నుంచి ఒక కారు వచ్చింది. మూతబడ్డ పత్తి మిల్లు షెడ్డులో, మిరపకాయ బస్తాల కింద పడి ఉంది. సాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో ఎవరో దొర తెచ్చుకుని, పోతూ పోతూ మిల్లు ఆసామికి ఇచ్చిపోయాడట. మనవడికి అంతకు మించి తెలియదు. సార్ ఫొటోలు చూసి ఆ రాత్రి నిద్రపోలేదన్నారు. ఆయన లెక్క ప్రకారం అది చాలా తక్కువ సంఖ్యలో తయారైన రకం, ఒళ్ళంతా అల్యూమినియం. లారీలోంచి దించి టార్పాలిన్ లాగగానే మిరప ఘాటు లేచింది. దించడానికి వచ్చిన వాళ్ళందరూ వరసగా తుమ్మారు. సీట్లలో, నేల మీద, తలుపు సందుల్లో ఎర్రటి ధూళి. దాని కింద ఆ కారు ఒంపు కనపడగానే నాకు తుమ్ము కూడా ఆగిపోయింది. అట్లాంటి రేకు పని నేనెప్పుడూ చూడలేదు.

సార్ ఫోన్ చేశారు. "మేస్త్రీ, నేను ఎల్లుండి వస్తాను. అప్పటిదాకా సుత్తి పెట్టొద్దు. మేడమ్ ఊరి నుంచి రాగానే ముందు ఆమె చూస్తారు." ఆమె నడికుడిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళింది, మర్నాడు సాయంత్రం వస్తుంది.

ముందు ఆమె చూస్తారట. షెడ్డు నాది, సుత్తి నాది, ఈ కారులో సీటు ఉన్నది రెండు జానలు, రేకు ఉన్నది పదమూడు అడుగులు. ఆమె వచ్చేలోపు దీని జాతకం మొత్తం నేనే చెప్పాలనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టి ముక్కు నుంచి తోక దాకా తడిమాను. తోక దగ్గర ఎక్కువసేపు ఉన్నాను. లోపలివైపు సన్నగా సుత్తి గుర్తులున్నాయి. ఆ రకం కార్లకు కంపెనీలో కూడా ఒళ్ళంతా చేత్తోనే కొట్టేవాళ్ళని సార్ చాలాసార్లు చెప్పారు కాబట్టి అది వింతేమీ కాదు. దొరల పని దొరల పనే అనుకున్నాను. తోక కూడా కంపెనీదేనని తీర్మానించాను.

డిక్కీ మూత పైకెత్తి, ఎడమవైపు అంచు కింద చెయ్యి పోనిస్తే వేలికి చిన్న సొట్ట తగిలింది. బయటికి కనపడే చోటు కాదు. తల కిందికి పెట్టి చూస్తే తప్ప దొరకదు. అంత నున్నటి రేకులో అదొక్కటి నా ప్రాణానికి పడలేదు. సార్ సుత్తి పెట్టొద్దన్న మాట గుర్తుంది. ఇంత చిన్నదానికి సుత్తి అంటే ఏముందిలే అనుకున్నాను. వెనక డాలీ, అంటే ఇనప దిమ్మె, ఆనించి చిన్న సుత్తితో ఆరేడు దెబ్బలు వేసి, ఆకురాయితో ఒకసారి రాసి, ఎమిరీ కాయితంతో నున్నగా చేశాను. మొత్తం రెండు నిమిషాల పని.

సాయంత్రం ఆమె వచ్చింది. పెళ్ళి చీర కూడా మార్చుకోకుండా నేరుగా కారు దగ్గరికే వచ్చింది. సీట్లు చూసింది, తర్వాత డిక్కీలో పరిచిన పాత గుడ్డ లైనింగును పట్టుకుని కుట్టు వెంట వేలు పోనిస్తూ ఒకచోట ఆగింది. తర్వాత నా వైపు తిరిగింది. ముఖమంతా వెలుగు.

"అన్నా, ఇది మా అమ్మ కుట్టు. మూల తిరిగేకాడ రెండు కుట్లు ఎనక్కి ఏసుద్ది, చూడు. ఇట్టా ఇంకెవరూ ఎయ్యరు. అంటే ఈ కారు ఎప్పుడో, నువ్వు రాకముందే, మన షెడ్డుకొచ్చింది. ఎనకమాల గుద్దుకునుంటది. ఈ తోక నాన్న చేసిందే."

"లైనింగు మార్చినంత మాత్రాన రేకు మార్చినట్టా?" అన్నాను. "రేకు నేను చూశాగా పొద్దున. కంపెనీదే."

ఆమె విన్నట్టు లేదు. "సార్ ఫైల్లో నాన్న పేరు రాపిస్తా" అంది.

ఆ ఫైలు గురించి చెప్పాలి. సార్ ప్రతి కారుకూ ఒక ఫైలు పెడతారు. ఏ భాగం అసలుది, ఏది మార్చారు, ఎవరు చేశారు, ఏ ఊళ్ళో, అన్నీ అందులో ఉంటాయి. కారు చేతులు మారినా ఫైలు దాంతోపాటు పోతుంది. ఆమె చేసిన సీట్లకు ఆమె పేరు, నా రేకుకు నా పేరు ఇప్పటికే నాలుగైదు ఫైళ్ళలో ఉన్నాయి. ఉస్తాద్ పేరు ఎక్కడా లేదు. నలభై ఏళ్ళు కొట్టిన రేకంతా లారీలతోపాటు తుక్కులోకి పోయింది. షెడ్డు బోర్డు మీద కూడా ఆయన తన పేరు రాయించుకోలేదు. ఒక్క ఫైల్లోనైనా నాన్న పేరు ఉంటే చాలని ఆమె అంతకు ముందు రెండు మూడు సార్లు నాతో అన్నది. ఆమెకు ఉన్న కోరిక అదొక్కటే.

మర్నాడు పది గంటలకు సార్ వచ్చారు. నేను చూసింది నేను చెప్పాను. ఆమె లైనింగు చూపించింది. సార్ కుట్టు చూసి తల ఊపి, "లైనింగ్ మీ అమ్మగారిదే కావచ్చు మేడమ్, కానీ మెటల్‌కు వేరే ఆధారం కావాలి కదా" అన్నారు. అదే మాట నేను ముందురోజు అన్నానని నాకు కొంచెం గర్వంగా ఉంది.

"ఉంది సార్" అంది ఆమె. "మా నాన్న మనసుకు నచ్చిన పని చేసినప్పుడు నజర్ తగలకుండా ఒక సొట్ట వదిలేవాడు. ఎవరికీ కనపడని చోట, ఒక్కటే. డిక్కీ అయితే ఎడం పక్క అంచు కింద. కావాలనే సుత్తితో ఏసేవాడు. చూడండి, ఉంటది."

పసిపిల్లకు బుగ్గన దిష్టి చుక్క పెట్టినట్టు, ఆయన తన పనికి పెట్టుకున్న చుక్క అది. నేను దాన్ని రెండు నిమిషాల్లో తుడిచేశాను.

సార్ మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు వేసి చూశారు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రెండుసార్లు చూశారు. "ఏమీ లేదే" అన్నారు. ఆమె కూర్చుని తను వేలు పోనిచ్చింది. ఎడమ మూల దగ్గర వేలు ఆగింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ ఆగింది. నేను ఆ వేలినే చూస్తున్నాను. నిన్న పొద్దున ఉండింది సార్, నేనే తీశాను. ఈ ఆరు మాటలు అనడానికి నోరు ఉంది, ఊపిరి ఉంది. నేను అనలేదు. సార్ మాట మీరానని భయం కొంత. కానీ అది కొంతే. అసలు సంగతి, ఆ నిమిషంలో జీవితంలో మొదటిసారి ఆమె మాట తప్పై నా మాట నిలబడింది. అంతకంటే పెద్ద సంగతి, ఈ సొట్ట రహస్యం ఉస్తాద్ ఆమెకు చెప్పాడు, నాకు చెప్పలేదు. ఇరవై నాలుగేళ్ళు ఆ పరదా అవతల ఏం మాట్లాడుకున్నారో అప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఒళ్ళు మండిపోయింది.

"లేదు సార్. నేనే పొరపడ్డా" అని ఆమె లేచింది.

సార్ ఫైలు తెరిచి నా ముందే రాసుకున్నారు. తోక కంపెనీది. పరిశీలించింది నేను.

ఆ కారు పని ఆరు నెలలు నడిచింది. ఆమె సీట్లు కుడుతోంది, నేను రేకు చేస్తున్నాను. ఆమె నిలదీస్తుందని రోజూ ఎదురుచూశాను. నిలదీయలేదు. నిలదీస్తే నేనూ నాలుగు మాటలు అందును, మీ నాన్న నన్ను పరాయివాణ్ణి చేశాడని అరిచేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. గెలిచిన సంతోషం మూడు రోజులు కూడా నిలవలేదు. తోక దగ్గర కూర్చుని పని చేస్తున్నప్పుడల్లా ఆ ఒంపు చూసేవాణ్ణి. ఇప్పుడు తెలిసి చూస్తే ప్రతి అంగుళంలోనూ ఉస్తాద్ కనపడుతున్నాడు. మొదటి రోజు దొరల పని అనుకుని తలవంచినవాణ్ణి, పక్కన నిలబడి నేర్చుకున్న చేతిని గుర్తుపట్టలేకపోయాను. సుత్తి ఎప్పుడూ పట్టని మనిషి గుర్తుపట్టింది.

ఇక ఉండబట్టలేక ఒక రోజు సార్‌కు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. సొట్ట ఉండేదనీ, నేనే తీశాననీ, తోక మా ఉస్తాద్ చేసిందేననీ. ఆయన చివరిదాకా విని మెల్లగా నవ్వారు.

"మేస్త్రీ, మీ గురుభక్తికి చాలా సంతోషంగా ఉంది. మేడమ్ బాధపడుతున్నారని మీరు ఇట్లా అంటున్నారు. అర్థం చేసుకోగలను. కానీ ఫైల్లో నేను చూసిందే రాయాలి కదా."

ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. ఆమె నిజం చెబితే పొరపాటైంది. నేను నేరం ఒప్పుకుంటే మంచితనమైంది.

మర్నాడు మధ్యాహ్నం పరదా బయట నిలబడి పిలిచాను. ఆమె సీటు తోలు ఒళ్ళో పెట్టుకునే వచ్చి గుమ్మంలో కూర్చుంది. సార్‌తో మాట్లాడింది చెప్పాను, ఆయన అన్నదీ చెప్పాను.

"నాకు ఆ రోజే తెలుసు" అంది. "అంతా నున్నగా ఉండి, ఆ ఒక్క కాడ ఆకురాయి గరుకు తగిలింది. నువ్వు తప్ప ఎవరు పెడతారు ఆకురాయి?"

"మరి అప్పుడే ఎందుకు అనలా?"

"అంటే ఏమవుద్ది? సొట్ట తిరిగొచ్చిద్దా? మూడు రోజులు నీకు టీ పంపలా. నువ్వు అది కూడా చూసుకోలా."

నిజమే, చూసుకోలేదు. అప్పుడు నేను ఆర్నెల్లుగా నమిలి నమిలి పెట్టుకున్నది అడిగాను. "ఉస్తాద్ నాకెందుకు చెప్పలేదమ్మా?"

ఆమె ఏమీ దాచుకోకుండా చెప్పింది. "నేనూ అడిగా ఒకసారి. వాడికి చెప్పొద్దమ్మా, చెప్పినా ఆగడు, సొట్ట కనపడితే వాడి చెయ్యి ఊరుకోదు, తీసేస్తాడు అన్నాడు."

నా పనితనం గురించి ఆయన అన్న మాట అది. నాతో అనలేదు, అది కూడా ఆమె దగ్గరే ఉంది. ఇంత జరిగాక కూడా నాకు లోపల చురుక్కుమంది. నా బుద్ధి అంతే.

ఆమె లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. తోలు అంచు మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. ఆమె అట్లా తడబడటం నేనెప్పుడూ చూడలేదు.

"నేను ఒక్కటీ చూడలేదన్నా" అంది. "నాన్న చెప్పడమే గానీ, ఆయన పెట్టిన సొట్ట నా కళ్ళతో ఎప్పుడూ చూడలా. లారీలు చేసినవి చేసినట్టే పోయినయ్. ఇదొక్కటే దొరికింది. నువ్వు చూశావు." తల ఎత్తి నా వైపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు చెప్పాల్సిన పని లేదు. ఆ చూపుతోనే నేను పాతికేళ్ళకు పైగా ఆ పరదాను చూశాను. ఆమె నన్ను చూసి కుళ్ళుకుంటోంది. ఈ షెడ్డులో నేను కోరుకున్నది అదే, ఇన్నేళ్ళూ. "ఎట్టుందన్నా అది? గుండ్రంగా ఉందా, కోలగా ఉందా? ఎంత లోతుంది?"

గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. ఏ సుత్తి వాడానో గుర్తుంది. ఏ డాలీ ఆనించానో గుర్తుంది. ఎమిరీ కాయితం ఎన్నో నంబరుదో కూడా గుర్తుంది.

"చూడలేదమ్మా" అన్నాను. "తీసేశానంతే."